కోచ్‌ని మార్చాలా అని అడిగేముందు, జట్టుని ఏ ఆట కోసం కొన్నారో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 2013లో చాలాకాలంగా కోచ్‌గా ఉన్న ఫెర్గూసన్ వెళ్లిపోయాక ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి కోచ్‌లు వస్తున్నారు, పోతున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి రెండు నెలలు ఆశ పుట్టిస్తారు, ఆ తర్వాత మళ్లీ పాత కథే. అలాంటప్పుడు ఇంకా టైమ్ ఇవ్వాలా, వెంటనే పంపించేయాలా? పంపితే సీజన్ మధ్యలోనా, చివర్లోనా? అసలు మనలాంటి అభిమానులు దేన్ని చూసి అంచనా వేయాలి?

నేనూ ఆ జట్టు అభిమానినే. చాలాకాలం కుర్రాళ్ల జట్లకి కోచింగ్ ఇచ్చాను కాబట్టి కోచ్ చేతిలో ఏముంటుందో, ఏముండదో దగ్గర నుంచి తెలుసు. నా జవాబు ముందే చెప్పేస్తాను. కోచ్‌ని మార్చడం తప్పేమీ కాదు. టైమ్ ఇవ్వడం కూడా దానంతటదే గొప్ప విషయం కాదు. ఇప్పుడున్న ఆటగాళ్లని ఏ ఆట కోసం కొన్నారు, కొత్తగా వచ్చే కోచ్ ఆడించే ఆట ఏది అన్నదే అసలు లెక్క. ఈ రెండూ కలిస్తే మార్పు పనిచేస్తుంది. కలవకపోతే ఎంత పేరున్నవాడు వచ్చినా బోల్తా పడతాడు. ఆ రెండూ కలిసేలా చూడాల్సిన బాధ్యత కోచ్‌ది కాదు, కోచ్‌ని ఎంపిక చేసేవాళ్లది. మనం మాత్రం అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ప్రతిసారీ కోచ్ మీదే పడుతున్నాం.

ముందు ఆ "మొదటి రెండు నెలల" సంగతి చూద్దాం. మనల్ని ఎక్కువగా మోసం చేసేది అదే.

2018 డిసెంబర్‌లో మౌరిన్యోని తీసేసి సోల్షాయర్‌ని తాత్కాలికంగా తెచ్చారు. మొదటి మ్యాచ్ కార్డిఫ్ మీద 5-1, రెండోది హడర్స్‌ఫీల్డ్ మీద 3-1. అలా వరసగా ఎనిమిది మ్యాచులు గెలిచాడు. మార్చి 6న పారిస్‌లో పీఎస్‌జీ మీద 3-1తో గెలిచిన రాత్రి నేను నిద్రపోలేదు. ఆ ఊపులోనే మార్చి 28న ఉద్యోగం పర్మనెంట్ చేశారు. ఆ తర్వాత ఎవర్టన్ చేతిలో 0-4. లీగ్‌లో చివరి ఐదు మ్యాచుల్లో ఒక్క గెలుపు లేదు. ఆ ఐదింటిలో ఆఖరి రెండు ఎవరితోనో చూడండి: హడర్స్‌ఫీల్డ్‌తో 1-1, సొంత మైదానంలో కార్డిఫ్ చేతిలో 0-2. ఆ రెండు జట్లూ అప్పటికే కింది డివిజన్‌కి పడిపోవడం ఖాయమైపోయింది. అదే కోచ్, ఇంచుమించు అవే ఆటగాళ్లు, అవే ప్రత్యర్థులు. మధ్యలో గడిచింది ఐదు నెలలు కూడా కాదు.

దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కోచ్‌ని తీసేసేది జట్టు అట్టడుగున ఉన్నప్పుడే. అప్పటికే గాయాలు, రిఫరీ నిర్ణయాలు, గోల్‌పోస్ట్‌కి తగిలి బయటికెళ్లిన షాట్లు, అన్నీ ఒకేసారి ఎదురు తిరిగి ఉంటాయి. ఎవరూ ఏమీ చేయకపోయినా వాటిలో సగం కొద్ది వారాల్లో సర్దుకుంటాయి. నెదర్లాండ్స్ లీగ్‌లో చాలా ఏళ్ల ఫలితాలు తీసుకుని ఆర్థికవేత్తలు ఇదే లెక్క చూశారు. కోచ్‌ని మార్చిన జట్లు కోలుకున్న మాట నిజమే గానీ, అంతే దెబ్బతిని కోచ్‌ని మార్చని జట్లు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి. దానికి తోడు కొత్త కోచ్ రాగానే పక్కన కూర్చున్న ఆటగాళ్లకి మళ్లీ ఆశ పుడుతుంది, అందరూ ట్రైనింగ్‌లో ఒళ్లు వంచుతారు. ఆ ఉత్సాహం నిజమే, కానీ దాని మీద మూడేళ్ల కాంట్రాక్ట్ రాయకూడదు. 2024 అక్టోబర్‌లో యునైటెడ్ కోచ్ టెన్ హాగ్ వెళ్లాక వాన్ నిస్టెల్‌రాయ్ తాత్కాలికంగా నాలుగు మ్యాచులు చూసుకుని మూడు గెలిచాడు, ఒకటి డ్రా చేశాడు. ఆ మూడు గెలుపుల్లో రెండు బలహీనమైన లెస్టర్ మీదే.

అలాగని కోచ్ మారితే ఏమీ మారదని నేను అనను. 2021 జనవరిలో చెల్సీని చూడండి. లాంపార్డ్‌ని తీసేసేటప్పటికి జట్టు తొమ్మిదో స్థానంలో ఉంది. 26న టుకెల్ వచ్చాడు. మర్నాడే వుల్వ్స్‌తో మ్యాచ్. ఒక్క పూట ట్రైనింగ్‌తో ముగ్గురు సెంటర్ డిఫెండర్ల ఆటకి మారిపోయాడు. ఫుల్‌బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ అంచున ఆడుతున్న అజ్‌పిలిక్వెటాని కుడివైపు సెంటర్ డిఫెండర్‌గా పెట్టాడు. లాంపార్డ్ పెద్దగా వాడని రూడిగర్‌ని ఎడమవైపు దింపాడు. ఆ మ్యాచ్ 0-0. చూసినవాళ్లు పెదవి విరిచారు. కానీ అక్కడి నుంచి మొదటి 14 మ్యాచుల్లో చెల్సీకి ఓటమే లేదు. మే 29న పోర్టోలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి యూరప్ క్లబ్‌ల అతిపెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఎత్తింది. టుకెల్‌కి ఒక్క కొత్త ఆటగాడు కూడా రాలేదు. ఆ పదకొండు మందీ లాంపార్డ్ చేతిలో ఉన్నవాళ్లే. ఉన్న సరుకుకి సరిపోయే ఆట తెచ్చినవాడు దొరికాడు కాబట్టి మార్పు ఫలించింది.

చెల్సీ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే "స్థిరత్వం లేకపోతే కప్పులు రావు" అనే వాదనని అది తలకిందులు చేస్తుంది. అబ్రమోవిచ్ 2003 నుంచి 2022 దాకా యజమానిగా ఉన్నాడు. కోచ్‌లని చొక్కాలు మార్చినట్టు మార్చాడు. 2010లో లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిపించిన అన్చెలొట్టిని మరుసటి ఏడాదే పంపించేశాడు. 2012లో ఛాంపియన్స్ లీగ్ తెచ్చిన డి మాటియోకి ఆ నవంబర్‌లోనే సెలవు ఇచ్చాడు. అయినా ఆయన హయాంలో ఐదు లీగ్ టైటిళ్లు, రెండు ఛాంపియన్స్ లీగ్‌లు వచ్చాయి. ఎలాగంటే, కోచ్‌లు మారుతున్నా వెన్నెముక మారలేదు. చెక్, టెర్రీ, ఆటగాడిగా లాంపార్డ్, ద్రోగ్బా 2012 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ రోజు దాకా ఉన్నారు (టెర్రీ ఆ ఒక్క ఫైనల్ సస్పెన్షన్ వల్ల ఆడలేదు, అది వేరే సంగతి). స్థిరత్వం ఎక్కడో ఒకచోట ఉండాలి. అది కోచ్ కుర్చీలోనే ఉండాలని లేదు.

ఇప్పుడు మన జట్టుకి వద్దాం. యునైటెడ్‌లో ఆ స్థిరత్వం కోచ్ దగ్గరా లేదు, ఆటగాళ్ల దగ్గరా లేదు, పైనా లేదు. 2013 వేసవిలో ఫెర్గూసన్‌తో పాటే చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయాడు. ట్రాన్స్‌ఫర్ బేరాలు ఆడిన అనుభవం ఉన్నవాడు, జట్టుని నడిపిన అనుభవం ఉన్నవాడు ఒకేసారి తలుపు దాటారు. మోయెస్ వస్తూ వస్తూ ఎవర్టన్ నుంచి తన సిబ్బందిని తెచ్చుకున్నాడు, ఫెలన్, మ్యూలెన్‌స్టీన్ లాంటి పాత కోచ్‌లు బయటికెళ్లారు. ఆ వేసవిలో మిడ్‌ఫీల్డర్ ఫెలైనీని ముందే ఖాయం చేసిన ధరకి కొనే గడువు దాటిపోయాక, ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లని కొనే గడువు) ఆఖరి రోజున అంతకన్నా ఎక్కువ డబ్బు పోసి అతన్ని తెచ్చారు. ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చిన మనిషిని పది నెలల్లో పంపించారు. ఆ తర్వాత వాన్ గాల్‌ది బంతిని ఓపికగా తిప్పే ఆట. మౌరిన్యోది వెనక గట్టిగా నిలబడి దెబ్బకొట్టే ఆట, దానికి లుకాకు, మాటిచ్ వచ్చారు. సోల్షాయర్‌ది వేగంగా ఎదురుదాడి చేసే ఆట. టెన్ హాగ్ గోల్‌కీపర్ కాళ్ల నుంచే ఆట మొదలవ్వాలన్నాడు, అందుకని ఒనానా. తన పాత క్లబ్ అయాక్స్ నుంచి ఆంటొనీ, 8 కోట్ల పౌండ్లకి పైనే. వీళ్లలో ఎవరి ఆలోచనా చెడ్డది కాదు. కానీ ఒకరి ఆలోచనకి కొన్నవాళ్లు తర్వాతి వాడికి బరువయ్యారు.

2024 నవంబర్‌లో అమోరిమ్ వచ్చినప్పుడు ఇది పరాకాష్ఠకి చేరింది. స్పోర్టింగ్‌లో రెండు పోర్చుగల్ లీగ్ టైటిళ్లు గెలిచిన కోచ్. ఆయన ఆట 3-4-3, అంటే వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు. అది ఎవరికీ తెలియని సంగతి కాదు. ఆ ఆటకి ప్రాణం వింగ్ బ్యాక్‌లు, అంటే మైదానం అంచున ముందుకీ వెనక్కీ ఒక్కరే ఆడేవాళ్లు. అప్పుడు మన జట్టులో అసలు వింగ్ బ్యాక్ అనదగినవాడే లేడు.

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది "పెద్ద క్లబ్ ఆటగాళ్లు కదా, ఎక్కడైనా ఆడాలి" అంటుంటారు. వెనక నలుగురు ఉండే ఆటలో వింగర్ (అంచున దాడి చేసేవాడు) వెనకాల ఒక ఫుల్‌బ్యాక్ ఉంటాడు. వింగర్ బంతి పోగొట్టుకుంటే సర్దుకోవడానికి మనిషి ఉన్నాడన్నమాట. 3-4-3లో ఆ అంచు మొదటి నుంచి చివరి దాకా ఒక్కడిదే. నేను కుర్రాళ్లతో ఇది చాలాసార్లు ప్రయత్నించాను. మంచి వింగర్‌ని వింగ్ బ్యాక్‌గా దింపితే మొదటి పావుగంట కళ్లకి పండగలా ఉంటుంది. ఆ తర్వాత వెనక్కి పరుగెత్తడంలో ఒక్క క్షణం ఆలస్యం మొదలవుతుంది. ఆ ఖాళీ మూయడానికి సెంటర్ డిఫెండర్ పక్కకి జరుగుతాడు. అతను జరిగితే మధ్యలో సందు పడుతుంది. ఆ సందు పూడ్చడానికి మిడ్‌ఫీల్డర్ కిందకి దిగుతాడు. ఇప్పుడు బంతి మనకి దొరికినా ముందుకి ఇవ్వడానికి అక్కడ మనిషి ఉండడు. టీవీలో మనకి కనిపించేది "మిడ్‌ఫీల్డ్ చేతులెత్తేసింది" అని. తెగిన దారం మాత్రం అంచు దగ్గర ఉంది. దలోట్ కుడికాలి ఆటగాడు, అతన్ని ఎడమవైపు ఆడించారు. వింగర్ అయిన అమద్‌ని కుడి వింగ్ బ్యాక్ చేశారు. సీజన్ సగం దాటాక, ఫిబ్రవరిలో ఇటలీ క్లబ్ లెచ్చె నుంచి డోర్గు వచ్చాడు. ఆ సీజన్ లీగ్‌లో 15వ స్థానం, 42 పాయింట్లు, యూరప్‌లో రెండో స్థాయి కప్పు యూరోపా లీగ్ ఫైనల్‌లో టాటెన్‌హామ్ చేతిలో ఓటమి.

అదే తరహా ఆటని షాబీ అలోన్సో జర్మనీ క్లబ్ లెవర్‌కుజెన్‌లో ఆడించాడు. అక్కడ కుడి అంచుకి ఫ్రింపాంగ్ ముందే ఉన్నాడు, ఎడమవైపుకి గ్రిమాల్డోని 2023లో ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా తెచ్చారు. 2023-24లో ఒక్క ఓటమి కూడా లేకుండా జర్మనీ లీగ్ బుండెస్‌లీగా గెలిచారు. తేడా కోచ్‌ల తెలివిలో ఉందని నేననుకోను. ఏ ఆటకి ఎవరు కావాలో ముందే తెలిసిన క్లబ్ ఒకటి, తెలియని క్లబ్ ఇంకొకటి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆటగాడి ట్రాన్స్‌ఫర్ ఖర్చుని క్లబ్‌లు కాంట్రాక్ట్ సంవత్సరాల మీద సర్ది రాసుకుంటాయి. ఐదేళ్ల కాంట్రాక్ట్ మీద 8 కోట్లు పెడితే ఏటా 1.6 కోట్ల పద్దు. కోచ్ రెండో ఏడాదిలో వెళ్లిపోయినా ఆ పద్దు పోదు. ప్రీమియర్ లీగ్ పెట్టిన ఆర్థిక పరిమితుల వల్ల కొత్త కోచ్‌కి కావల్సినవాళ్లని కొనడానికి చెయ్యి ఆడదు. టెన్ హాగ్‌ని, ఆయన సిబ్బందిని పంపడానికి అయిన పరిహారమే కోటి పౌండ్లు దాటింది. కోచ్ మార్పులో అన్నిటికన్నా ఖరీదైనది మాత్రం ఆ పరిహారం కాదు, తర్వాతి కోచ్‌కి పనికిరాని ఆటగాళ్లు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో కూడా మన కళ్ల ముందే ఉంది. మన ఆగర్భ శత్రువు లివర్‌పూల్ పేరు ఎత్తడం నాకు కష్టమే అయినా చెప్పాలి. 2024 జనవరిలో క్లాప్ తాను వెళ్తున్నానని ముందుగానే ప్రకటించాడు. వాళ్లు కోచ్ వేట కన్నా ముందు పైన ఉండే మనుషులని కుదుర్చుకున్నారు, ఎడ్వర్డ్స్, హ్యూజ్. వీళ్లు క్లాప్ వదిలిన జట్టుకి ఎవరి ఆట దగ్గరగా ఉంటుందో వెతికి ఫెయెనూర్ట్ నుంచి స్లాట్‌ని తెచ్చారు. ఆ వేసవిలో మిడ్‌ఫీల్డ్‌కి అడిగిన సుబిమెండి రానన్నాడు. కంగారుపడి ఇంకొకరిని కొనకుండా, స్లాట్ అప్పటికే ఉన్న గ్రావెన్‌బెర్క్‌ని డిఫెన్స్ ముందు ఆడే స్థానంలో పెట్టాడు. ఆ వేసవిలో కొని జట్టులో ఆడించిన పేరున్నవాడు కియేజా ఒక్కడే. 2025 ఏప్రిల్ 27న ఇంకా నాలుగు మ్యాచులు ఉండగానే టైటిల్ ఖాయం. ఆ మరుసటి వేసవిలో విర్ట్జ్, ఇసాక్ లాంటివాళ్ల మీద భారీగా ఖర్చుపెట్టి జట్టుని మార్చేశారు. శరదృతువులో అదే కోచ్ కింద వరస ఓటములు, ఆన్‌ఫీల్డ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 0-3. టైటిల్ గెలిచిన కోచ్‌కి ఆరు నెలల్లో ఆట మర్చిపోయేంత ఏమీ కాలేదు. చేతిలో ఉన్న జట్టు మారింది.

ఇక "ఫెర్గూసన్‌కి టైమ్ ఇచ్చారు కదా" అనే మాట. 1986 నవంబర్‌లో వచ్చాడు. మొదటి నాలుగు సీజన్లలో లీగ్ స్థానాలు 11, 2, 11, 13. మొదటి కప్పు 1990లో, మొదటి లీగ్ 1993లో. ఇదంతా నిజం. కానీ ఆ ఓపిక గుడ్డిది కాదు. ఆ ఏళ్లలోనే ఆయన కుర్రాళ్లని వెతికే వ్యవస్థని మొత్తం తిరగరాశాడు. గిగ్స్, బెకమ్, స్కోల్స్ తరం అక్కడి నుంచే వచ్చింది. ఫలితాల్లో కనిపించనిది క్లబ్ లోపల కనిపిస్తోంది. ఆర్సెనల్‌లో ఆర్టెటాది కూడా అంతే. రెండు సీజన్లు వరసగా ఎనిమిదో స్థానం. 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచుల్లో ఒక్క గోల్ కూడా లేకుండా పట్టికలో అట్టడుగు. కానీ ఆ వేసవిలో వాళ్లు కొన్న ఆరుగురినీ చూడండి, వైట్, ఒడెగార్డ్, రామ్స్‌డేల్, టోమియాసు, లొకొంగా, టవారెస్. ఎవరికీ 23 ఏళ్లు దాటలేదు. ఎటు వెళ్తున్నారో కొనుగోళ్లే చెప్తున్నాయి. టైమ్ ఇవ్వాల్సింది అలాంటి చోట. దిశ లేనిచోట ఇచ్చిన టైమ్ వృథానే.

మరి ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మనం ఆ దిశని ఎలా పసిగట్టాలి? స్కోర్ పక్కన పెట్టి నేను చూసేది ముఖ్యంగా బంతి పోయిన వెంటనే వచ్చే నాలుగైదు సెకన్లు. దగ్గర్లో ఉన్న ముగ్గురూ ఒకేసారి కదిలితే, ఆ కోచ్ చెప్పింది ఆటగాళ్ల బుర్రలోకి ఎక్కిందని అర్థం. ఒకడు ముందుకి ఉరికి, ఇద్దరు చేతులు చూపిస్తూ నిలబడిపోతే, చెప్పింది ఎక్కలేదు, లేదా వాళ్లు వినడం మానేశారు. తర్వాత డిఫెన్స్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య దూరం. 70వ నిమిషానికి అది మైదానంలో మూడో వంతు అంత అయిందంటే ఫిట్‌నెస్ సమస్యో, భయమో ఉన్నట్టు. అదే రకం గోల్ మూడు వారాలు వరసగా పడుతోందా చూడండి. కార్నర్లు, ఫ్రీకిక్‌ల మీద పని జరుగుతోందా అన్నది కూడా సులభంగా తెలిసిపోతుంది, ఆర్సెనల్ వాటికోసమే కోచ్ జోవర్‌ని తెచ్చుకున్నాక వాళ్ల కార్నర్లు ఎలా మారాయో అందరూ చూశారు. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (దొరికిన అవకాశాలని బట్టి ఎన్ని గోల్స్ రావాలో చెప్పే) లెక్క ఒక్క మ్యాచ్‌కి చూస్తే తప్పుదారి పట్టిస్తుంది, పది పన్నెండు మ్యాచులకి కలిపి చూస్తే నిజం దగ్గరికి తీసుకెళ్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఈ కోచ్ వచ్చాక ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లైనా ముందుకన్నా మెరుగయ్యారా? ఏడాది గడిచినా ఒక్కడూ మెరుగవ్వకపోతే ఆ కోచ్‌ని వెనకేసుకురావడానికి నా దగ్గర కారణం ఉండదు.

రిలిగేషన్ (కింది డివిజన్‌కి పడిపోవడం) అంచున ఉన్న జట్ల లెక్క వేరు. అక్కడ కావల్సింది పదిహేను మ్యాచుల ఊపిరి. 2023 జనవరిలో ఎవర్టన్ డైచ్‌ని తెచ్చి ఆఖరి రోజున గట్టెక్కింది. అదే సీజన్‌లో కోచ్‌లని మార్చిన లీడ్స్, సౌతాంప్టన్ రెండూ మునిగాయి. అది జూదమే, కాకపోతే ఆడక తప్పని జూదం.

సీజన్ మధ్యలోనా చివర్లోనా అన్నారు. క్లాప్ 2015 అక్టోబర్‌లో వచ్చాడు, అలోన్సో 2022 అక్టోబర్‌లో వచ్చాడు, ఇద్దరూ నిలబడ్డారు. కాబట్టి నెలని బట్టి గుడ్డిగా నియమం పెట్టలేం. అయినా కొత్త కోచ్ ఆట పాత ఆటకి దూరంగా ఉంటే మాత్రం వేసవే కావాలి, ప్రీ-సీజన్ కావాలి, ఒక విండో కావాలి. అమోరిమ్ సీజన్ అయ్యాక వస్తానని అడిగాడు. ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ లేదని చెప్పారని ఆయనే బయటపెట్టాడు. అంతకుముందు 2024 మేలో టెన్ హాగ్ ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో సిటీని ఓడించాడు. ఆ గెలుపు చూసి కాంట్రాక్ట్ పొడిగించారు. ఆ వేసవంతా ఆయన ఆటకి తగ్గట్టు డి లిఖ్ట్, మజ్రావీ, జిర్క్‌జే, యొరో, ఉగార్టేలని కొన్నారు. అక్టోబర్ 28న ఆయన్ని తీసేశారు. జులైలో యునైటెడ్‌కి కొత్తగా వచ్చిన స్పోర్టింగ్ డైరెక్టర్ (ఆటగాళ్ల కొనుగోళ్లు, కోచ్ ఎంపిక చూసేవాడు) యాష్‌వర్త్ డిసెంబర్‌కల్లా వెళ్లిపోయాడు. మార్చాలనుకుంటే మేలోనే మార్చాలి, మార్చకూడదనుకుంటే కనీసం తర్వాతి మే దాకా నిలబడాలి. ఆ రెండూ కాకుండా వేసవి డబ్బంతా ఒకరి కోసం ఖర్చుపెట్టి శరదృతువులో ఇంకొకరిని తెచ్చారు. అందుకే మళ్లీ కోచ్ మార్పు మాట వచ్చినప్పుడు, ఎవరొస్తున్నారని అడిగేముందు ఆ కోచ్‌ని ఎంపిక చేస్తున్నది ఎవరు, ఇప్పుడున్న జట్టులో ఎంతమంది అతని ఆటకి పనికొస్తారు అని అడగండి. క్లబ్ విలేకరుల సమావేశంలో ఆ రెండింటికీ పేర్లతో జవాబు వస్తే, మొదటి పది మ్యాచులు ఓడినా నేను ఆ కోచ్ వెంటే ఉంటాను.